లావెక్కిన మాటలు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక. ఒత్తులు మర్చిపోతాను, దీర్ఘాలు ఒక చోట పెట్టాల్సినవి ఇంకో చోట పెడతాను. రాయడం కూడా నెమ్మదే, ఒక వాక్యం అయ్యేలోపు పొయ్యి మీద నీళ్లు మరిగిపోతాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇందులో కనబడే కోపం మాత్రం తప్పుగా పడింది కాదు. అది నిజంగానే వచ్చింది, ఇంకా పోలేదు.

మాది నూలుకు రంగులు వేసే షెడ్డు. మా ఆయన అక్కడ తొట్ల దగ్గర పని చేసేవాడు. ఆయన పోయాక ఆ చోటికి నన్ను రమ్మన్నారు. నాకు నీలం తొట్టి ఇచ్చారు. మోచేతుల దాకా నీలం పట్టేసింది, ఎంత రుద్దినా వదలదు. అందుకే అందరికీ నేను నీలక్కని.

చదువు నేర్పింది మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ. సాయంత్రాలు వాళ్ల వంటగదిలో బల్ల మీద ఒకటే పుస్తకం పెట్టుకుని నేర్పేది. అందులో అక్షరాలు సన్నగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి తాకకుండా ఉండేవి. చూసీ చూసీ అవి నాకు చుట్టాలైపోయాయి. అయితే ఆ బట్టల్లో ఉంటేనే గుర్తుపడతాను. వేషం మార్చుకుని వస్తే గుమ్మంలోనే నిలబెట్టి ఎవరు కావాలండీ అని అడుగుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకి ఈ ఇబ్బంది తెలియదు. వాళ్లకి అక్షరం ఏ వేషంలో వచ్చినా అక్షరమే.

షెడ్డు ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. దాన్లో న్యూస్‌రీడర్ అని ఒక ప్రోగ్రాము. పేరు అలా ఉంది కానీ అందులో వార్తలేమీ రావు. రంగుపని చేసేవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో ఒక గుంపుగా చేరారు. ఒకరు సందేహం రాస్తే తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. ఆ ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించడం ఆ ప్రోగ్రాము పని. బొమ్మలుండవు, పాటలుండవు, వట్టి మాటలే. టీ వేళ ఒకరు కుర్చీలో కూర్చుని బయటికి చదవాలి. మిగతావాళ్లు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనూ కిటికీ అవతలా నిలబడి వినాలి.

ఆ కుర్చీ నాది. నేను నెమ్మదిగా చదువుతానని ఓనరే ఇచ్చాడు. "నీలక్క చదివింది తొట్టి దగ్గరికి వెళ్లేదాకా గుర్తుంటుంది" అనేవాడు. జీవితంలో నన్ను ఎవరైనా కూర్చోబెట్టి, తాము నిలబడి విన్నది ఆ కుర్చీలోనే.

ఆ ఉత్తరాల్లో ఒక పద్ధతి ఉంది. ఏ మాట గట్టిగా చెప్పాలనుకుంటే ఆ మాటకి అటొక నక్షత్రం, ఇటొక నక్షత్రం పెడతారు. ఇంకొందరు నక్షత్రాలకి బదులు అటొక చిన్న గీత, ఇటొక చిన్న గీత పెడతారు, ఆ మాట కింద గీసినట్టు లెక్క. ఇద్దరు బంట్రోతుల మధ్య పెద్దమనిషి నడిచొచ్చినట్టు ఉండేది నక్షత్రాల మధ్య మాట. అది రాగానే నేను గొంతు పెంచేదాన్ని. గ్లాసులు గాల్లో ఆగిపోయేవి.

ఇలా బాగానే నడుస్తుండగా మా గుమాస్తా ప్రోగ్రాముని కొత్తది చేశాడు.

"ఇక నక్షత్రాల గొడవ లేదు నీలక్కా. వాటి మధ్య మాట దానంతటదే లావుగా కనబడుతుంది, గీతల మధ్య మాట కింద గీత పడుతుంది. మీకే సుఖం."

సుఖం సంగతి మొదటి ఉత్తరంలోనే తెలిసింది. లావెక్కిన మాటలో తలకట్టు దిగజారి అక్షరం కడుపులో కూర్చుంది. గుడి ఏదో, గుడిదీర్ఘం ఏదో తెలియదు. అక్షరాలన్నీ పక్కపక్కనే ఆరేసిన తడి నూలు చుట్టల్లా ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. మామూలు మాటలన్నీ చదివేస్తున్నాను, లావు మాట దగ్గర ఆగిపోతున్నాను. రాసినవాళ్లు ఏ మాట తప్పకుండా చదవాలనుకున్నారో సరిగ్గా ఆ మాటే నాకు చదవరావట్లేదు.

చెప్తే ఎవరూ నమ్మలేదు.

"అంత లావుగా ఉంటే కనబడట్లేదంటావేంటక్కా? కళ్లద్దాలు మార్చు" అంది ఎక్స్‌ప్రెస్.

ఎక్స్‌ప్రెస్ అంటే కండెలు చుట్టే దగ్గర పని చేసే అమ్మాయి. అమ్మాయంటే ఆమెకీ కోడళ్లొచ్చారు, నాకంటే చిన్నదని అలా అంటాను. ఏది చదివినా ఏ స్టేషనులోనూ ఆగకుండా చదువుతుందని ఆ పేరు పెట్టారు.

"అద్దాలు మొన్నేగా మార్చింది" అన్నాను.

"అయితే కంటి డాక్టర్ని మార్చు."

గుమాస్తా జాలిపడి లావు మాటల్ని ఇంకొంచెం లావు చేసి వెళ్లాడు. ముసలామె చదవలేకపోతోందంటే అందరికీ తోచే సాయం అదొక్కటే. చెవులు బాగానే ఉన్నవాళ్ల దగ్గరికొచ్చి అరిచినట్టు.

అదే సమయంలో నా నీలం తొట్టికి జబ్బు చేసింది. రంగు వేసిన నూలు చూడ్డానికి బాగానే ఉంటుంది, నీళ్లు తగిలితే చాలు రంగు వదిలేస్తోంది. గుంపుకి సందేహం నేనే రాశాను, ఒక్కో అక్షరం వెతికి నొక్కుకుంటూ. నా అంతట నేను రాసిన మొదటి ఉత్తరం అది. జవాబు కూడా నాకే వచ్చింది, పైన నా పేరుతో. రాసింది ఎవరో పెద్దాయన, జీవితమంతా నీలంతోనే గడిపాడట.

టీ వేళకి షెడ్డంతా గుమ్మంలో ఉంది. నేను సర్దుకుని కూర్చుని మొదలుపెట్టాను.

"చాలామంది..." అన్నాను. తర్వాత లావు మాట. వదిలేసి ముందుకెళ్లాను. "ఏదో కలిపిన... ఏదో... నానబెడితే రంగు నిలబడుతుందనుకుంటారు. దానివల్ల లాభం లేదు."

"ఏది కలిపితే?" అని కిటికీ అవతల నుంచి ఎవరో.

"అది రావట్లేదు."

"ఏదో కలిపితే ఏదో అవుతుందని మాకూ తెలుసు నీలక్కా, దానికి ఉత్తరమెందుకు?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే బాగోదని. ఈలోగా ఎక్స్‌ప్రెస్ నా భుజం మీదుగా వంగింది.

"ఉప్పు. చల్లటి నీళ్లు. ఒక పూటంతా. ఆ తర్వాత వేడి నీళ్లు. అంతే. దీనికింత సేపా?"

"మిగతాది చదవవా?"

"లావుగా ఉన్నవే ముఖ్యం అక్కా. మిగతాది మర్యాద కోసం రాస్తారు."

ఆమె చెప్పింది వినడానికి బాగుంది, క్లుప్తంగా ఉంది. గ్లాసులు కింద పెట్టి అందరూ పనిలోకి వెళ్లారు. నూలుని ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో ఒక పూట నానబెట్టారు, తర్వాత వేడి నీళ్లలో ముంచి తీశారు, గట్టిగా పిండి ఆరేశారు. లాభం లేదన్న మాట నేను చదివాను, అందరూ విన్నారు. దేనివల్ల లాభం లేదో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

నూలు తీసుకెళ్లి శాలువాలు అల్లినావిడ ఒక శాలువా తిరిగి పంపింది. తెల్ల అంచంతా నీలం కమ్మేసింది. ఓనరు దాన్ని ఆఫీసు బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు.

"నీలక్కా, మీరు ఏమీ అనుకోకండి. సోమవారం నుంచి ఉత్తరాలు తను చదువుతుంది" అని ఎక్స్‌ప్రెస్‌ని చూపించాడు.

"చదువుతాను కానీ నా పని ఆగకూడదు" అంది ఎక్స్‌ప్రెస్. ఆమెకీ ఆ కుర్చీ మీద పెద్ద మోజేం లేదు, అది ఇంకా మండించింది నన్ను.

"అదే ఉత్తరం సోమవారం ఇంకోసారి చదవనివ్వండి. మొదటి నుంచి చివరిదాకా. ఒక్క మాట చదవలేకపోయినా కుర్చీ తనదే" అన్నాను.

ఓనరు సరేనన్నాడు. అన్నాక గానీ నాకు తెలియలేదు ఎంత మాట అనేశానో.

ఆదివారం మా మరిదిని తీసుకుని ఆఫీసు గదికి వెళ్లాను. మరిది టెలిఫోను ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. ఏది అడిగినా "అదెంతసేపు" అంటాడు. మా కుళాయి విషయంలోనూ అదే అన్నాడు, దాని కింద ఇప్పటికీ బకెట్టు ఉంది. అయినా నాకు ఇంకెవరున్నారు.

కుర్చీలో అతను కూర్చున్నాడు, నేను వెనక నిలబడ్డాను.

"ఏది వదినా కనబడనిది?"

"కనబడుతోంది. చదవరావట్లేదు."

"రెండూ ఒకటేగా."

"నీకు ఒకటే."

అతను ఏదో నొక్కాడు. లావు మాటలు ఇంకా లావెక్కి పక్క మాటల్ని తోసేశాయి.

"ఇప్పుడు?"

"ఏమయ్యా, లావు వద్దు మొర్రో అంటుంటే ఇంకాస్త తినిపిస్తావేంటి?"

"పెద్దవాళ్లకి లావుగా ఉంటే సులువని..."

"ఆ నక్షత్రాలే మళ్లీ తెప్పించు. నాకు అవి చాలు."

వెతికాడు. కొత్తదాంట్లో అవి తీసేశారట, తిరిగి పెట్టుకునే వీల్లేదట. ఇంకేదో నొక్కాడు. ఈసారి మాటలన్నీ ఒక పక్కకి ఒరిగాయి. వాటిని చదవాలంటే నేనూ ఒరగాలి.

"వాలు అక్షరాలు వదినా. అందంగా ఉంటాయి."

"గాలికి పడిపోతున్నట్టున్నాయి. తియ్యి."

చివరికి మార్పులన్నీ ఒకే చోట ఉండే పేజీ దొరికింది. అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. అందులో ప్రతి రకం పేరూ ఆ రకంలోనే రాసి ఉంది. లావు అనే మాట లావుగా, వాలు అనే మాట వాలుగా, గీత అనే మాట కింద గీతతో. ఏది ఏదో మరిది చెప్తేనే తెలిసింది. చదవలేనివాళ్లు మార్చుకోవడం కోసం పెట్టిన పేజీ అది. దాన్ని చదవాలంటే ముందు అవన్నీ చదవడం వచ్చుండాలి. ఇది తయారుచేసినవాళ్లు తాళంచెవి ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకున్న రకం.

"మామూలు అని ఒకటుంది, అది పెట్టేస్తా" అన్నాడు మరిది. పెట్టాడు. లావు మాటలన్నీ సన్నబడి గుంపులో కలిసిపోయాయి. చదవగలిగాను, హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే ఏదో వెలితి. ఆ పెద్దాయన ఎక్కడ గొంతు పెంచాడో ఇప్పుడు తెలియట్లేదు. ఉత్తరమంతా ఒకే గొంతుతో గొణిగినట్టుంది.

"ఇది కూడా కాదు."

మరిది కుర్చీ వెనక్కి తోశాడు. "లావు వద్దు, వాలు వద్దు, మామూలూ వద్దు. బట్టల కొట్లో కూర్చున్నామా వదినా? మీ అన్నయ్యగారు కట్టించిన ఆఫీసా ఇది, రోజంతా ఇక్కడే ఉండటానికి?"

"మీ అన్నయ్య రోజంతా ఇక్కడే ఉన్నాడు, ఎన్నో ఏళ్లు. నువ్వొక్క పూట ఉండు."

ఆ మాటకి తగ్గాడు. మళ్లీ ముందుకి వంగి, ఆ మామూలు పక్కనే ఒక చిన్న గడి చూపించాడు. "అక్షరం ఇలాగే ఉంచి రంగు మార్చొచ్చట."

రంగు అన్న మాట వినగానే నేను ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. గడి నొక్కితే చిన్న చిన్న రంగు ముక్కలు పరుచుకున్నాయి. మరిది ఒకటి పెట్టాడు.

"ఎరుపు. అయిపోయింది, పద."

"ఇది ఎరుపు కాదు."

"పక్కన ఎరుపని రాసుంది."

"రాస్తే సరిపోతుందా? ఇది ఒకసారి వాడిన తొట్టిలో మళ్లీ ముంచి తీసిన ఎరుపు. దీన్ని చూసి ఎవరు గొంతు పెంచుతారు?"

అతను లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. మౌసు నేను తీసుకున్నాను. ఒక ఎరుపులో పసుపు ఎక్కువైంది, ఇంకోదాంట్లో నలుపు దూరింది. మా షెడ్డులో ఎర్ర తొట్టి దగ్గర అలాంటి రంగు తీస్తే పని మానేసి ఇంటికెళ్లమంటారు. చివరికి ఒకటి దొరికింది, నిక్కమైన ఎరుపు. నొక్కాను. ఉత్తరంలో ఉప్పు అన్న మాట నా చుట్టంలాగే, సన్నగా గుండ్రంగా, ఎర్ర చొక్కా ఒకటి తొడుక్కుని నిలబడింది. ఉప్పు. ఇన్నాళ్లూ ఉప్పు.

అప్పుడే చివరి వరస చూశాను. అక్కడ ఒక మాట కింద గీత ఉంది. గీత మాట కింద నుంచి పోవట్లేదు, కింద వేలాడే ఒత్తు మెడ మీదుగా పోతోంది. ఏ ఒత్తో తెలియకుండా కోసేసింది.

"దీన్ని కూడా ఎర్రగా చెయ్యి."

మరిది వచ్చి చూశాడు. గీత అన్న వరస పక్కన గడి బూడిద రంగులో ఉంది. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"దీన్ని మార్చనివ్వట్లేదు వదినా."

"ఎవరు?"

"ప్రోగ్రాము."

"దానికేం పోయింది?"

"నాకేం తెలుసు?"

"పోనీ ఆ మాటేంటో నువ్వు చదివి పెట్టు" అని నోటి దాకా వచ్చింది. అడగలేదు. ఎవరో చెప్పింది బట్టీ పట్టి సోమవారం అప్పజెప్తే అది చదివినట్టా? సరే, ఒక్క మాటేగా, పొద్దున్న కళ్లతో చూస్తే వస్తుందిలే అనుకుని తాళం వేశాను.

సోమవారం టీ వేళ గుమ్మంలో మామూలు కంటే ఎక్కువ మంది ఉన్నారు. ఓనరు బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఎక్స్‌ప్రెస్ గ్లాసుతో నా పక్కకొచ్చి తెర వైపు చూసి, "ఏంటక్కా, మాటలకి రక్తం కారుతోంది?" అంది.

నేను చదివాను. ఎర్ర మాట వచ్చినప్పుడల్లా గొంతు పెంచాను.

"చాలామంది ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో ఒక పూటంతా నానబెడితే రంగు నిలబడుతుందనుకుంటారు. దానివల్ల లాభం లేదు. నూలుకి అంటుకోని రంగు బయటికి పోవాలి. దానికి వేడి నీళ్లలో సబ్బుతో ఉతకాలి. నీళ్లు తేరేదాకా మారుస్తూ ఉండాలి."

ఓనరు బల్లని వదిలి తెర వైపు వంగాడు.

"అంటే ఉప్పు వద్దనా?" అన్నాడు ఓనరు.

"వద్దనే" అన్నాను.

"నేను చదివిన మాటలన్నీ అందులో ఉన్నాయి" అంది ఎక్స్‌ప్రెస్.

"ఉన్నాయి. నేను చదివినవీ ఉన్నాయి. నువ్వు లావువి చదివావు, నేను సన్నవి చదివాను. ఉత్తరం ఎవరూ చదవలేదు."

కిటికీ అవతల ఎవరో నవ్వారు. ఎక్స్‌ప్రెస్ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

"ఇంకా ఒక వరస ఉందిగా" అన్నాడు ఓనరు.

ఉంది. "తడి నూలుని..." అన్నాను. గీత మాట వచ్చింది. పొద్దున్న కళ్లతో చూసినా అదే గీత, అదే తెగిన ఒత్తు. దాని తర్వాత "వేలాడదీయండి" అని ఉంది. మధ్యలో ఏదో ఒకటి కలిపేస్తే ఎవరికీ తెలియదు. బాగా ఆరబెట్టి అనొచ్చు, గట్టిగా దులిపి అనొచ్చు. వాక్యం నడిచిపోతుంది, కుర్చీ నాదైపోతుంది. కానీ శాలువా ఇంకా బల్ల మీదే ఉంది, నీలం కమ్మిన అంచు నా వైపే ఉంది. ఏదో ఒకటి కలపడం వల్లే అది అక్కడికొచ్చింది.

"ఈ మాట నాకు రావట్లేదు" అన్నాను.

ఎక్స్‌ప్రెస్ వంగి చూసింది. "పిండొద్దు" అంది. "తడి నూలుని పిండొద్దు, వేలాడదీయండి."

అందరూ తలలు తిప్పి పెరట్లోకి చూశారు. పొద్దున్నే గట్టిగా పిండిన చుట్టలు తీగ మీద మెలికలు తిరిగి ఆరుతున్నాయి. ఒకతను గ్లాసు అక్కడే పెట్టేసి వాటి దగ్గరికి పరిగెత్తాడు.

నేను కుర్చీలోంచి లేచాను. మాటంటే మాట.

ఎక్స్‌ప్రెస్ కుర్చీ వైపు చూసింది, తన గ్లాసు వైపు చూసింది. "నాకొద్దు ఇది. దీన్లో కూర్చుంటే నీలా వరస వరసా చదవాలి, టీ చల్లారిపోతుంది. నువ్వే కూర్చో అక్కా. నేను పక్కన నిలబడి తాగుతాను, గీతొస్తే పిలు."

ఓనరు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ముందు సబ్బు తెప్పించండి" అని వెళ్లిపోయాడు.

అలా కుర్చీ నా దగ్గరే ఉంది. షెడ్డులో అందరూ ఇది బాగా ముగిసిందనుకుంటున్నారు. నాకు అలా లేదు. నేను గెలిచి కూర్చోవాలనుకున్నాను, ఇంకొకరు వద్దన్నందుకు కూర్చున్నాను. టీ వేళ ఎక్స్‌ప్రెస్ నా పక్కనే నిలబడుతుంది, గీత మాట వస్తే మోచేత్తో పొడుస్తాను, ఆమె చెప్తుంది. ఆ పెద్దాయన మరీను, ఈ మధ్య నక్షత్రాలు మానేసి అన్నిటికీ గీతలే పెడుతున్నాడు. గీతలు వద్దని ఆయనకి ఒక ఉత్తరం మొదలుపెట్టాను. మర్యాదగా ఎలా రాయాలో తోచక సగంలో ఆగింది.

మరిది అడిగినప్పుడల్లా "అదెంతసేపు, వచ్చే ఆదివారం చూద్దాం" అంటున్నాడు. గుమాస్తాని అడిగితే ఇంకా మంచి కబురు చెప్పాడు. ప్రోగ్రాము మళ్లీ కొత్తది వచ్చిందట. అది వేస్తే గీత సంగతి బాగుపడొచ్చట. కాకపోతే మనం పెట్టుకున్న రంగులన్నీ పోతాయట, మాటలు మళ్లీ లావుగా వస్తాయట, మళ్లీ మార్చుకోవాలట.

"ఆ మార్చుకునే పేజీ చదవొచ్చా?" అన్నాను.

"అదే పేజీ, నీలక్కా. ఇంకా లావుగా ఉందంట, అందరికీ బాగా కనబడాలని."

నిన్న సాయంత్రం పని అయ్యాక మౌసు ఊడదీసి, నా తొట్టి దగ్గరున్న ఖాళీ నీలం డబ్బాలో పెట్టి మూత బిగించాను. అది లేకుండా కొత్తది ఎలా వేస్తాడో చూస్తాను. టీ వేళకి తీస్తాను, చదువుతాను, మళ్లీ డబ్బాలో పెడతాను. గుమాస్తా పొద్దుటి నుంచి దాని కోసం బల్ల కింద వెతుకుతున్నాడు. వెతకనివ్వండి. నేనూ చాలానే వెతికాను.

ఇట్లు,
నీలక్క. వయసు అరవై ఏడు. షెడ్డు వెనక వీధిలో, కారే కుళాయి ఉన్న మేడ మీది గదిలో ఉంటున్నాను.